రిపుల్ తగ్గాలంటే ఏది కొనాలి: ఇంకో కెపాసిటరా, రెగ్యులేటరా, ఎస్‌ఎమ్‌పిఎస్సా?

కొత్తగా బిగించిన ఆంప్లిఫయర్ పాట పెట్టకముందే గుయ్‌మంటోందని కడపలో ఏ స్పేర్ పార్ట్స్ షాపులో చెప్పినా దాదాపు ఒకే మాట వినిపిస్తుంది: "ఇంకో 4700 వెయ్యప్పా, సర్దుకుంటుంది." అంటే ఇంకో 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఒక్కోసారి నిజంగానే సర్దుకుంటుంది. కానీ రెండు వేసినా, మూడు వేసినా మోత తగ్గని సప్లైలు బోలెడు. అప్పటికి కెపాసిటర్లకు పెట్టిన డబ్బు ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదును దాటిపోయి ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక కెపాసిటర్ ఉండే మామూలు సప్లై గురించే ఇక్కడ మాట్లాడుకుందాం. ఆ సప్లై ఇచ్చే డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుడే రిపుల్. దాన్ని తగ్గించడానికి మన ముందు ఆరు దారులున్నాయి: కెపాసిటర్ పెంచడం, మధ్యలో రెసిస్టర్ పెట్టి రెండో కెపాసిటర్ వేయడం, చోక్ (కోర్ మీద చుట్టిన తీగ చుట్ట) పెట్టడం, 7812 లాంటి రెగ్యులేటర్ (వోల్టేజిని ఒకే చోట నిలిపే ఐసీ), ట్రాన్సిస్టర్‌తో చేసే కెపాసిటెన్స్ మల్టిప్లయర్, ఇవేవీ వద్దనుకుని, వేగంగా స్విచ్ చేస్తూ పనిచేసే రెడీమేడ్ ఎస్‌ఎమ్‌పిఎస్ కొనడం. నా లెక్క ముందే చెప్పేస్తాను. లోడు, అంటే మీ పరికరం లాగే కరెంటు, ఒక ఆంపియర్ అయితే 4700 మైక్రోఫారడ్ల దాకా కెపాసిటర్ పెంచుకోవచ్చు. ఆ పైన పెట్టే ప్రతి రూపాయికీ వేరే చోట ఎక్కువ పని దొరుకుతుంది.

## ముందు ఆ మోత రిపులేనా?

పార్ట్స్ కొనడానికి బయల్దేరే ముందు ఈ పని చేయండి. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ వైరు పీకేసి, ఇన్‌పుట్ దగ్గర సిగ్నల్‌ను గ్రౌండ్‌కు కలపండి. మోత ఆగిపోయిందంటే తప్పు సప్లైది కాదు, వైరుదో గ్రౌండ్‌దో. అప్పుడు పదివేల మైక్రోఫారడ్లు వేసినా ఉపయోగం లేదు. వాల్యూమ్ తిప్పితే మోత పెరుగుతూ తగ్గుతూ ఉన్నా, అది వాల్యూమ్ కంట్రోల్‌కు ముందే ఎక్కడో దూరుతోందని అర్థం.

ఇంకో గుర్తు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల కూర్పు) సరిగ్గా పనిచేస్తే సెకనుకు వంద శిఖరాలు వస్తాయి కాబట్టి రిపుల్ 100 హెర్ట్జ్‌లో ఉండాలి. బ్రిడ్జిలో ఒక డయోడ్ ఓపెన్ అయితే అది హాఫ్‌వేవ్‌గా మారి 50 హెర్ట్జ్‌కు పడిపోతుంది. శబ్దం ఇంకా లావుగా, కిందికి వినిపిస్తుంది. అదే కెపాసిటర్‌తో రిపుల్ రెట్టింపవుతుంది. ఇక్కడ కావలసింది చిన్న డయోడ్ మాత్రమే.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి. పాట ఆడనప్పుడు ఆంప్లిఫయర్ తాగే కరెంటు చాలా తక్కువ. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 4440 ఐసీ బోర్డునే తీసుకోండి, ఊరికే ఉన్నప్పుడు దాని వాడకం 100 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంత చిన్న లోడుకు 4700 కెపాసిటర్ దగ్గర రిపుల్ 0.2 వోల్టు దాటదు. పాట లేనప్పుడే బూమని మోగుతూ, పక్కన 4700 ఉందంటే అది చాలలేదని అనుకోకండి. కెపాసిటర్ ఎండిపోయి ఉండాలి, లేదా గ్రౌండ్ వైరు తప్పు చోట కలిసి ఉండాలి. పాట గట్టిగా ఆడుతూ బేస్ కొట్టినప్పుడు మాత్రమే గరగరమంటే, అది రిపుల్.

మీటరుతో కొలవాలనుకుంటే ఏసీలో 2 వోల్టుల రేంజి ఉన్నది వాడండి. చవక పసుపు మీటర్లలో ఏసీకి 200, 750 రేంజీలే ఉంటాయి. వాటిలో చాలావాటికి డీసీని ఆపే ఏర్పాటు ఉండదు. ప్రోబులు ఒక వైపు పెడితే డీసీకి రెట్టింపు అంకె, తిప్పి పెడితే సున్నా చూపిస్తే ఆ మీటరు ఈ పనికి చెల్లదు. మంచి మీటరులో ఏసీ అంకెను సుమారు మూడున్నరతో గుణిస్తే రిపుల్ పైనుంచి కిందికి ఎంతుందో తెలుస్తుంది. 0.6 కనబడితే 2 వోల్టులన్నమాట.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది లోడు కరెంటు. దీన్ని తెలుసుకోకుండా మిగతాది మాట్లాడటం దండగ. రెండోది, మీ పరికరం ఎంత రిపుల్‌ను ఓర్చుకుంటుంది. 12 వోల్టుల రిలేకు ఒక వోల్టు రిపుల్ ఉన్నా పట్టదు. మైక్ ప్రీఆంప్లిఫయర్‌కు పది మిల్లీవోల్టులు ఉన్నా వినబడుతుంది.

మూడోది మార్జిన్, అంటే కెపాసిటర్ మీద ఉన్న వోల్టేజికీ మీకు కావలసిన వోల్టేజికీ మధ్య తేడా. బోరు మోటార్లు ఆడే వేళ లైన్ వోల్టేజి 200కు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగే ఊళ్లలో ఉండేవాళ్లు దీని గురించే ఎక్కువ ఆలోచించాలి. నాలుగోది వేడి. పుస్తకాల్లో గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలని రాసుకుంటారు. మే నెలలో కడప బండల మిద్దె కింద మధ్యాహ్నం పెట్టెలో ఉండే ఆంప్లిఫయర్‌కు ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? బయట 42 ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టె లోపల 65 ఉంటుందనుకుని లెక్క వేసుకోవాలి.

## కెపాసిటర్ పెంచడం

అందరూ ముందు పట్టే దారి ఇదే. అందులో తప్పేమీ లేదు. డయోడ్లు శిఖరం దగ్గర మాత్రమే కరెంటునిస్తాయి. రెండు శిఖరాల మధ్య 10 మిల్లీసెకన్లు. ఆ మధ్యలో లోడును మోసేది కెపాసిటర్ ఒక్కటే. అందుకే లెక్క కూడా సులువు. బ్రిడ్జి సప్లైలో కరెంటును ఆంపియర్లలో తీసుకుని 10,000తో గుణించి, కెపాసిటర్ మైక్రోఫారడ్లతో భాగిస్తే రిపుల్ వోల్టుల్లో వస్తుంది. హాఫ్‌వేవ్ అయితే 20,000తో గుణించాలి.

| కెపాసిటర్, మైక్రోఫారడ్లు | 0.1 ఆంపియర్ | 0.5 ఆంపియర్ | 1 ఆంపియర్ | 2 ఆంపియర్లు |
|---|---|---|---|---|
| 1000 | 1 వోల్టు | 5 వోల్టులు | పనికిరాదు | పనికిరాదు |
| 2200 | 0.45 | 2.3 | 4.5 | పనికిరాదు |
| 4700 | 0.21 | 1.1 | 2.1 | 4.3 |
| 10,000 | 0.1 | 0.5 | 1 | 2 |

ఇవి గరిష్ఠ అంకెలు. శిఖరం దగ్గర డయోడ్లు కాసేపు కరెంటునిస్తాయి కాబట్టి నిజంలో ఇంకో పావు వంతు తక్కువే ఉంటుంది. ఒక ఆంపియర్ నిలువు వరుస చూడండి. 2200 నుంచి 4700కు వెళ్తే రెండున్నర వోల్టులు తగ్గింది. 4700 నుంచి 10,000కు వెళ్తే తగ్గింది ఒక్క వోల్టే. ఇంకో పదివేలు వేస్తే తగ్గేది అర వోల్టు. కెపాసిటర్లు కొంటూ కొంటూ పోయినా రిపుల్ సున్నా కాదు.

పైగా కెపాసిటర్ పెరిగేకొద్దీ డయోడ్లు కరెంటునిచ్చే సమయం కుంచించుకుపోతుంది. అదే కరెంటు అంత తక్కువ సేపట్లో రావాలంటే దెబ్బ గట్టిగా పడుతుంది. ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తింటుంది. 2 ఆంపియర్లని రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బ్రిడ్జి, పెద్ద కెపాసిటర్ తర్వాత 1.2 ఆంపియర్ల డీసీకి మించి ఆశించకండి. స్విచ్ వేయగానే ఖాళీ కెపాసిటర్ షార్ట్‌లాగే కనబడుతుంది. 4007 డయోడ్లతో పదివేల కెపాసిటర్ పెడితే ఏదో ఒక రోజు డయోడ్లు పోతాయి. అంత కెపాసిటర్ పెట్టేటప్పుడు 5408 డయోడ్లో, లోహపు పెట్టె ఆకారంలో వచ్చే 25 ఆంపియర్ల బ్రిడ్జో వేయండి. ఫ్యూజు స్లో బ్లో రకం ఉండాలి.

ఇక వోల్టేజి రేటింగు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కదా అని 16 వోల్టుల కెపాసిటర్ కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 12ను 1.414తో గుణిస్తే 17. బ్రిడ్జి తినే 1.4 తీసేస్తే 15.5. ఇది 230 దగ్గర, లోడు ఉన్నప్పటి మాట. రాత్రి పదకొండు తర్వాత లైన్ 250కి ఎక్కి, లోడు లేకపోతే 18, 19 దాకా పోతుంది. 25 వోల్టులది వేయాలి. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అయితే 35ది.

మన ఎండలకు మైక్రోఫారడ్ల కన్నా ముందు చూడాల్సింది కెపాసిటర్ ఒంటి మీద ఉన్న ఉష్ణోగ్రత. 85 డిగ్రీలు, 105 డిగ్రీలు అని రెండు రకాలు దొరుకుతాయి. సాధారణంగా ఆ వేడిలో 2000 గంటలు అని లెక్క. ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అవుతుంది. పెట్టె లోపల 65 డిగ్రీలుంటే 85 రకం 8,000 గంటలు, అంటే రాత్రింబగళ్లు ఆడితే ఏడాది కూడా రాదు. 105 రకం 32,000 గంటలు, మూడున్నరేళ్ల పైమాట. ధరలో తేడా అంత ఉండదు. షాపులో అడగకపోతే 85ది చేతిలో పెడతారు, అడిగి 105ది తీసుకోండి. బిగించేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌కూ హీట్‌సింక్‌కూ దూరంగా పెట్టండి.

ఒక 4700 బదులు రెండు 2200లు ప్యారలల్‌లో వేయొచ్చా? వేయొచ్చు, నేనైతే అదే ఇష్టపడతాను. లోపలి రెసిస్టెన్స్ ఒక్క 2200లో ఉన్నదానిలో సగమవుతుంది, రిపుల్ కరెంటు ఇద్దరూ పంచుకుంటారు, ఎత్తు తక్కువ. ఎలక్ట్రోలైటిక్‌లో 20 శాతం హెచ్చుతగ్గులు మామూలే కాబట్టి 4700ది 3760 చూపించినా అది మోసం కాదు. వేలెడంత డబ్బా మీద 10,000 మైక్రోఫారడ్లు, 50 వోల్టులు అని రాసుంటే మాత్రం కెపాసిటీ రేంజి ఉన్న మీటరుతో కొలవకుండా డబ్బులివ్వకండి.

పక్కన 104 సిరామిక్ ఒకటి వేస్తే హమ్ తగ్గుతుందని ఒక నమ్మకం ఉంది. 0.1 మైక్రోఫారడ్‌కు 100 హెర్ట్జ్ దగ్గర చేయగలిగిందేమీ లేదు. అది పనికొచ్చేది హై ఫ్రీక్వెన్సీ చెత్తకు, రెగ్యులేటర్ ఐసీ ఊగకుండా ఉండటానికి.

వైరింగు గురించి ఒక మాట. బ్రిడ్జి నుంచి వచ్చే రెండు వైర్లు నేరుగా కెపాసిటర్ కాళ్ల మీదికి రావాలి. బోర్డుకు వెళ్లే వైర్లు కూడా అవే కాళ్ల మీదనుంచి బయల్దేరాలి. బ్రిడ్జి నుంచి బోర్డుకు ఒక జత, బ్రిడ్జి నుంచి కెపాసిటర్‌కు వేరే జత లాగితే, ఛార్జింగ్ కరెంటు దెబ్బలు గ్రౌండ్ వైరులో పడి నేరుగా స్పీకర్‌లో వినబడతాయి. ఒక్క సోల్డర్ మార్చితే ఆగిపోయే మోతకు మూడు కెపాసిటర్లు కొన్నవాళ్లను చూస్తూనే ఉంటాం.

## రెసిస్టర్ పెట్టి రెండో కెపాసిటర్

మొదటి కెపాసిటర్, తర్వాత సిరీస్‌లో ఒక రెసిస్టర్, దాని తర్వాత రెండో కెపాసిటర్. చిన్న కరెంటుకు ఇంత చవకైన ఉపాయం ఇంకోటి లేదు. మైక్ ప్రీఆంప్లిఫయర్ 100 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 10 ఓముల రెసిస్టర్, 2200 కెపాసిటర్ వేస్తే పోయేది ఒక వోల్టు, రిపుల్ తగ్గేది దాదాపు 14 రెట్లు.

కరెంటు పెరిగితే ఆట మారిపోతుంది. ఒక ఆంపియర్‌కు కూడా ఒక వోల్టే పోవాలంటే రెసిస్టర్ ఒక ఓము ఉండాలి. అప్పుడు రెండో కెపాసిటర్ 4700 వేసినా తగ్గేది మూడు రెట్లే. రెసిస్టర్ ఒక వాటు వేడి అవుతుంది కాబట్టి 3 వాట్లది కావాలి. అదే 4700ను రెసిస్టర్ లేకుండా మొదటిదాని పక్కన కలిపితే రెండు రెట్లే తగ్గేది. అంటే ఒక ఓము రెసిస్టర్ వల్ల లాభం ఉంది గానీ అబ్బురపడేంత కాదు.

## చోక్

రెసిస్టర్ బదులు చోక్ పెడితే వోల్టేజి పోకుండా రిపుల్ పోతుంది. 10 మిల్లీహెన్రీల చోక్, 2200 కెపాసిటర్ కలిస్తే 100 హెర్ట్జ్ దగ్గర ఏడెనిమిది రెట్లు తగ్గుతుంది. కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. కానీ ఒక ఆంపియర్‌కు కోర్ సాచురేట్ కాని (అయస్కాంత శక్తి నిండిపోని) 10 మిల్లీహెన్రీల చోక్ రెడీగా షాపులో దొరకదు, చుట్టించుకోవాలి. దాని రాగి, ఇనుము బరువు కలిపితే ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అవుతుంది. పాత ట్యూబ్‌లైట్ చోక్ పెట్టేద్దామనుకుంటే, దానిలో పదుల ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది, ఒక ఆంపియర్ దాన్ని దాటి రాదు. వాల్వ్ ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లకు వోల్టేజి వందల్లో, కరెంటు మిల్లీఆంపియర్లలో ఉంటుంది కాబట్టి చోక్ వాళ్లకు బంగారం. 12 వోల్టుల వాళ్లు దీన్ని వదిలేయొచ్చు.

## 7812, 317 రెగ్యులేటర్లు

రిపుల్‌ను వదిలించుకోవాలంటే ఇదే అసలైన మందు. 7812 సాధారణంగా 70 డెసిబెల్స్ రిపుల్‌ను ఆపుతుంది, అంటే మూడు వేల రెట్లు. లోపలికి రెండు వోల్టుల రిపుల్ వెళ్తే బయటికి ఒక మిల్లీవోల్టు కూడా రాదు. వోల్టేజి మనమే పెట్టుకోగల 317లో అడ్జస్ట్ కాలు నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి వేస్తే 65 నుంచి 80 డెసిబెల్స్‌కు పెరుగుతుంది. పదివేల మైక్రోఫారడ్ల డబ్బా చేయలేని పని ఈ చిన్న కెపాసిటర్ చేస్తుంది.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? మార్జిన్, వేడి. 7812 పనిచేయాలంటే దాని ఇన్‌పుట్ ఎప్పుడూ 14 వోల్టుల పైన, భద్రంగా ఉండాలంటే 14.5 పైన ఉండాలి. సగటు కాదు, రిపుల్ లోయ అడుగు కూడా. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో 230 దగ్గర శిఖరం 15.5. రిపుల్ ఒక వోల్టు ఉంటే లోయ 14.5 దగ్గర, అంచు మీద నిలబడింది. సాయంత్రం లైన్ 200కు దిగితే శిఖరమే 13.3. ఇక రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, రిపుల్ ఎలా వచ్చిందో అలాగే బయటికి పోతుంది. "పొద్దున బాగానే ఉంది, సాయంత్రం మోగుతోంది" అనే కంప్లైంట్‌కు ఎక్కువసార్లు కారణం ఇదే. రెగ్యులేటర్ పాడైందని మార్చేస్తుంటారు, కొత్తది కూడా సాయంత్రానికి అదే పాట పాడుతుంది.

15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే 200 దగ్గర కూడా శిఖరం 17 ఉంటుంది, రెండు వోల్టుల రిపుల్ పోయినా 15 మిగులుతుంది. కానీ 250 దగ్గర 21.6 అవుతుంది. ఒక ఆంపియర్ లాగితే 8 వాట్ల పైన వేడి. ఎండాకాలం 45 డిగ్రీల గదిలో అరచేయంత ఫిన్నుల హీట్‌సింక్ కావాలి, అదీ పెట్టె బయట, గాలి తగిలేలా. హీట్‌సింక్ లేకుండా 7812 మన వేసవిలో ఒక వాటును మించి ఓర్చుకోదు. వేడెక్కితే తనంతట తాను ఆగి, చల్లారి మళ్లీ మొదలవుతుంది. అర ఆంపియర్ లోపు లోడుకు ఈ గొడవలన్నీ సగమవుతాయి, అక్కడ రెగ్యులేటర్‌కు పోటీ లేదు.

రెగ్యులేటర్ ముందు పెద్ద కెపాసిటర్, వెనక చిన్నది ఉండాలి. కొందరు రెగ్యులేటర్ తర్వాత 4700 వేస్తారు. స్విచ్ తీసినప్పుడు ఆ కెపాసిటర్ నుంచి కరెంటు ఐసీలోకి వెనక్కి పారి దాన్ని చంపగలదు. వేయాల్సిందేనంటే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక 4007 ఉల్టాగా పెట్టండి.

## కెపాసిటెన్స్ మల్టిప్లయర్

పేరు పెద్దది, పార్ట్స్ నాలుగే. టిప్ 122 లాంటి డార్లింగ్టన్ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు ఇన్‌పుట్ ఇచ్చి, ఎమిటర్ నుంచి అవుట్‌పుట్ తీసుకోవాలి. కలెక్టర్ నుంచి బేస్‌కు ఒక కిలో ఓము, బేస్ నుంచి నెగెటివ్‌కు 220 మైక్రోఫారడ్లు, దాని పక్కనే 10 కిలో ఓములు. బేస్ దగ్గర వోల్టేజి నున్నగా ఉంటుంది, ఎమిటర్ దాన్నే అనుసరిస్తుంది. రిపుల్ వంద రెట్ల దాకా తగ్గుతుంది.

పోయేది సుమారు 3 వోల్టులు. లైన్ ఎంత పడినా ఎంత లేచినా ఈ తేడా దాదాపు అంతే. అవుట్‌పుట్ లైన్‌తో పాటు పైకీ కిందికీ పోతుంది కానీ ఫిల్టరింగ్ చెడదు. 7812 చేతులెత్తేసే 200 వోల్టుల దగ్గర ఇది నిశ్శబ్దంగా పని చేస్తూనే ఉంటుంది. వేడి కూడా ఆంపియర్‌కు 3 వాట్లే. 4440 బోర్డుకు నేను ముందు చెప్పేది ఇదే. ఆ ఐసీకి సూచించిన వోల్టేజి 13.2, ఆడేటప్పుడు 18 దాటకూడదు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు డయోడ్లు వేస్తే 16 పైన వస్తుంది, రాత్రి పూట 18కి ఎక్కుతుంది. అక్కడ 3 వోల్టులు పోవడం నష్టం కాదు, ఐసీకి రక్ష. పైగా బేస్ కెపాసిటర్ మెల్లగా నిండుతుంది కాబట్టి స్విచ్ వేసినప్పుడు స్పీకర్‌లో వచ్చే ఢబ్ శబ్దం కూడా మెత్తబడుతుంది.

లోపం లేకపోలేదు. అవుట్‌పుట్ షార్ట్ అయితే ట్రాన్సిస్టర్ పోతుంది, 7812కు ఉన్న రక్షణ దీనికి లేదు. అవుట్‌పుట్ వైపు ఫ్యూజు పెట్టుకోవాలి. లోపల ముందున్న కెపాసిటర్ 4700 అయినా ఉండాలి, లేకపోతే రిపుల్ లోయ 3 వోల్టులను మించి దిగి గండి పడుతుంది.

## రెడీమేడ్ ఎస్‌ఎమ్‌పిఎస్

12 వోల్టులు, 5 ఆంపియర్ల ఎస్‌ఎమ్‌పిఎస్ ఇప్పుడు అదే శక్తిగల రాగి ట్రాన్స్‌ఫార్మర్ కన్నా చవక, బరువు లేదు. 100 నుంచి 240 దాకా అని రాసి ఉన్నదైతే లో వోల్టేజి దానికి లెక్కే కాదు. 100 హెర్ట్జ్ రిపుల్ దాదాపు ఉండదు. దాని బదులు పదుల కిలోహెర్ట్జ్‌లో స్విచింగ్ మోత ఉంటుంది, 100 నుంచి 200 మిల్లీవోల్టుల దాకా మామూలే. చెవికి వినబడదు కాబట్టి ఎల్ఈడీ స్ట్రిప్పులకు, సీసీ కెమెరాలకు, చాలా ఆంప్లిఫయర్లకు ఇబ్బంది లేదు. ఇంకా శుభ్రం కావాలంటే ఇక్కడ చోక్ తిరిగి రంగంలోకి వస్తుంది. పదుల కిలోహెర్ట్జ్‌కు 47 మైక్రోహెన్రీల చిటికెడు చోక్, 470 మైక్రోఫారడ్ల లో ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువ ఉన్న) కెపాసిటర్ చాలు.

రేడియోకు మాత్రం వద్దు. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద కడప స్టేషన్ పెట్టుకునేవాళ్లు పక్కన చవక ఎస్‌ఎమ్‌పిఎస్ ఆన్ చేసి చూడండి, స్టేషన్ చుట్టూ గరగర అలుముకుంటుంది. స్విచింగ్ ఫ్రీక్వెన్సీ గుణిజాలు చాలా ఆ బ్యాండులోనే పడతాయి.

## పక్కపక్కన పెడితే

అంకెలు ఒక ఆంపియర్ లోడుకు, 4700 కెపాసిటర్ ముందే ఉందనుకుని.

| దారి | రిపుల్ ఎంత తగ్గుతుంది | పోయే వోల్టేజి | వేడి | లైన్ 200కు దిగితే |
|---|---|---|---|---|
| కెపాసిటర్ 10,000 చేయడం | సగానికి | లేదు | డయోడ్లు, ట్రాన్స్‌ఫార్మర్ మీద | అవుట్‌పుట్ కూడా దిగుతుంది |
| 1 ఓము, ఇంకో 4700 | 3 రెట్లు | 1 వోల్టు | 1 వాటు | అవుట్‌పుట్ కూడా దిగుతుంది |
| 10 మిల్లీహెన్రీలు, 2200 | 7 రెట్లు | చుట్టిన తీగను బట్టి | కొద్దిగా | అవుట్‌పుట్ కూడా దిగుతుంది |
| 7812 | వేల రెట్లు, మార్జిన్ ఉంటే | కనీసం 2.5 వోల్టులు | 3 నుంచి 8 వాట్లు | 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో రిపుల్ తిరిగొస్తుంది |
| మల్టిప్లయర్ | వంద రెట్ల దాకా | 3 వోల్టులు | 3 వాట్లు | అవుట్‌పుట్ దిగుతుంది, ఫిల్టరింగ్ చెడదు |
| ఎస్‌ఎమ్‌పిఎస్ | 100 హెర్ట్జ్ దాదాపు ఉండదు, స్విచింగ్ మోత ఉంటుంది | వర్తించదు | తక్కువ | తేడా తెలియదు |

## మీరెవరైతే ఏది

గుడిలోనో భజన మందిరంలోనో మైక్ సెట్టు చూసుకునేవాళ్లు: పవర్ స్టేజికి 4700 నుంచి 10,000, మైక్ ప్రీఆంప్లిఫయర్‌కు వేరుగా 10 ఓములు, 2200. ఒకే లైను నుంచి రెండిటికీ నేరుగా ఇవ్వకండి. సెట్టుకు 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకునే ఏర్పాటు ఉంటే, మోత సప్లైదో కాదో తేల్చుకోవడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద ఆడించి వినండి.

ఇంట్లో 4440 బోర్డు బిగించుకునే కుర్రాళ్లు: 105 డిగ్రీల 4700, టిప్ 122 మల్టిప్లయర్. టిప్ 122కు చిన్న హీట్‌సింక్, మధ్యలో మైకా షీటు. లోహపు పెట్టెకు బిగిస్తే మైకా మరవకండి, దాని వీపు కలెక్టరే.

పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులు: మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టుకు 5 వోల్టులే కావాలంటే మంచి ఫోన్ ఛార్జర్ చాలు. వైవాలో రిపుల్ గురించి అడుగుతారనుకుంటే 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 2200, 7805. లైన్ 200కు దిగినా దీనికి మార్జిన్ మిగులుతుంది. సెన్సర్ రీడింగ్ ఊగుతుంటే రెగ్యులేటర్ మార్చే ముందు, మోటారు, రిలే కూడా అదే 5 వోల్టుల మీద ఉన్నాయేమో చూడండి.

రేడియో వినేవాళ్లు: ట్రాన్స్‌ఫార్మర్ సప్లై, 317. స్టేషన్ తగిలినప్పుడు మాత్రమే హమ్ వచ్చి, స్టేషన్ల మధ్య రాకపోతే అది కెపాసిటర్ సమస్య కాదు. బ్రిడ్జిలో ఒక్కో డయోడ్ మీద 0.01 మైక్రోఫారడ్ల సిరామిక్ వేస్తే పోతుంది.

రిపేరుకు వచ్చిన పాత సెట్టు చేతిలో ఉన్న మెకానిక్‌కు ఇవేవీ అక్కర్లేదు. పదేళ్ల కింద మోత లేకుండా ఆడిన సెట్టు ఇప్పుడు మోగుతోందంటే డిజైను మార్చాల్సిన పని లేదు, ఎండిపోయిన కెపాసిటర్ మార్చాలి. నెత్తిన ఉన్న గీతల దగ్గర ఉబ్బిందేమో, అడుగున గోధుమరంగు తడి మరక ఉందేమో చూడండి. కాళ్ల చుట్టూ ఎండిన పసుపు జిగురు ఉంటే అది ఫ్యాక్టరీలో అంటించింది, కంగారు పడకండి. పైకి బాగానే కనబడినా నమ్మకుండా, స్విచ్ ఆపి, మంచి కెపాసిటర్ ఒకటి పోలారిటీ చూసి దాని మీదే తాత్కాలికంగా తగిలించి మళ్లీ ఆన్ చేయండి. మోత తగ్గితే పాతది పీకేయండి, దాని మీద కొత్తదాన్ని అలాగే వదిలేయకండి. ఎండిన కెపాసిటర్ తర్వాత షార్ట్ కూడా కావచ్చు.

ఏ దారి పట్టినా కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య ఒక కిలో ఓము, 1 వాటు రెసిస్టర్ సోల్డర్ చేయండి. స్విచ్ తీశాక 4700లో మిగిలిన ఛార్జి పావు నిమిషంలో దిగిపోతుంది. 10,000 అయితే అర నిమిషం పైనే ఆగి, మీటరుతో చూసి అప్పుడు చేయి పెట్టండి.